తప్పెట ఆగే ఇల్లు

ఈ ఏడాది క్రిస్మసుకు మా ఇంటికి నక్షత్రం లేదు. వానాకాలంలో మా ఆయన సామేలప్ప పోయాడు. చావు జరిగిన ఇంటికి ఆ ఏడు నక్షత్రం కట్టకూడదనేది మావాళ్ళ కట్టుబాటు. ఎవరు పెట్టారో, ఏ వాక్యంలో ఉందో నాకు తెలియదు. పాస్టరయ్యను అడిగితే తనకూ తెలియదన్నాడు. నా చిన్నప్పుడు పుంగనూరు దగ్గర మా పేటలో ఎట్లా ఉండేదో, ఇప్పుడు మదనపల్లెలో మా వీధిలోనూ అట్లాగే ఉంది. డిసెంబరు పుట్టగానే ఇంటింటి మీదా నక్షత్రం లేస్తుంది. లేవని ఇల్లు చావిల్లు. సాయంత్రాలు పాటలవాళ్ళు తప్పెట కొట్టుకుంటూ వీధి వెంట వస్తారు. నక్షత్రమున్న ఇంటి ముందు నిలబడి పాడతారు. లేని ఇంటి ముందుకు రాగానే తప్పెట ఆపి, తలలు వంచుకుని, ఆ ఇల్లు దాటేదాకా ఊరకే నడిచి, పక్కింటి దగ్గర మళ్ళీ అందుకుంటారు. అది మర్యాద. నేనూ చిన్నప్పటినుంచి ఆ గుంపులో తల వంచుకుని నడిచినదాన్నే. లోపల కూర్చున్నవాళ్ళకు ఆ ఆగడం ఎట్లా వినబడుతుందో ఈ ఏడే తెలిసింది.

మొదటి సాయంత్రం నేను వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉన్నాను. వీధి మొదట్లో తప్పెట మొదలైంది. ఇల్లిల్లూ దాటుకుంటూ దగ్గరికొచ్చింది. మా గోడ పక్కకు వచ్చి ఆగిపోయింది. ఆ తరువాత చెప్పుల చప్పుడు. ఎవరో దగ్గారు. ఎవరో చిన్నపిల్ల ఏదో అడగబోతే వాళ్ళమ్మ 'ష్' అంది. మళ్ళీ పక్కింటి దగ్గర తప్పెట. ఆయన పోయిన రోజు ఇల్లంతా జనం, ఏడుపులు, కాఫీలు, కుర్చీలు. ఆ రోజు నాకేమీ తెలియలేదు. మనిషి పోయాడని నాకు సరిగ్గా తెలిసింది ఆ సాయంత్రమే. 

మా కూతురు గ్రేసు కుప్పంలో ఇస్కూలు టీచరు. సెలవులివ్వగానే ఫోను చేసింది.

"మా, నువ్వాడ ఒక్కదానివే యాల కూసుంటావు? ఈడికొచ్చేయ్. పండగ ఈడ చేసుకుందాం. పండగయినాక మద్రాసుకు పోదాం. జెస్సీ సముద్రం సూడల్లని ఒకటే గోల."

"నాకెందుకు మే సముద్రం?"

"నీక్కాదులే, బిడ్డకి. నువ్వు బిడ్డను పట్టుకునేదానికి."

పోయాను. ఉన్నమాట రాస్తాను. సముద్రం కోసం పోలేదు, మనవరాలి కోసమూ పోలేదు. ఆ తప్పెట ఆగడం ఇంకొక సాయంత్రం వినలేక పోయాను. బట్టలు సర్దుకునేటప్పుడు అటక మీద పాత పంచెలో చుట్టి పెట్టిన నక్షత్రం కనబడింది. అది ఆయన చేతి పని. టమాటా మార్కెట్టులో ఆయన చాలా ఏండ్లు గంపలు మోశాడు. అప్పట్లో టమాటాలు వెదురు గంపల్లో వచ్చేవి. విరిగిన గంపల బద్దలు ఏరుకొచ్చి, చెక్కి, నీళ్ళలో నానబెట్టి, వంచి కట్టిన నక్షత్రం అది. గంపలు పోయి ప్లాస్టిక్ పెట్టెలు వచ్చినా ఆ బద్దలు మాత్రం చెక్కు చెదరలేదు. ఏటా పాత కాగితం పీకేసి కొత్త ఎర్రకాగితం అంటించేవాడు. వీధిలో అందరూ అంగట్లో దొరికే మినుకుమినుకుమనే నక్షత్రాలు కట్టుకుంటూ ఉంటే ఈయనొక్కడు మైదాపిండి ఉడకేసుకుని వాకిట్లో కూర్చునేవాడు. 'కొనుక్కోరాదా' అంటే 'కొనేదానికి పండగెందుకు' అనేవాడు. నేను అటకవైపు చూసి, చూపు తిప్పుకుని, తలుపుకు తాళం వేసి బస్సెక్కాను.

కుప్పం పోయే దారి పుంగనూరు మీదుగానే. చౌడేపల్లె వైపు తిరిగే రోడ్డు దగ్గర బస్సు ఆగితే, ఎదురుగా టీ అంగడి వెనక మా పాత ఏరు కనబడింది. ఏరంటే నీళ్ళుంటాయనుకునేరు. మా ఏట్లో నేను చూసినంతలో ఇసకే ఎక్కువ. ఊరి బావిలో మమ్మల్ని చేద వేయనిచ్చేవాళ్ళు కాదు. ఆ సంగతి రాసి ఊరుకుంటాను, దాని గురించి ఏడవడానికి నాకిక్కడ తీరిక లేదు. మా పేటకంతా ఆ ఏరే దిక్కు. తెల్లవారుతూనే ఆడవాళ్ళంతా కడవలు తీసుకుని ఇసకలోకి దిగేవాళ్ళం. మోచేతి లోతున చెలమ తవ్వాలి. మొదట ఊరే నీళ్ళు మట్టిగా ఉంటాయి, వాటిని తోడి పారబోయాలి. మళ్ళీ ఊరినవీ పారబోయాలి. ఆ తరువాత ఇసక నుంచి వచ్చే నీళ్ళు అద్దంలాగా ఉంటాయి. కొబ్బరి చిప్పతో కదలకుండా తోడి, కడవ మూతికి గుడ్డ కట్టి పోసుకోవాలి. తొందరపడి చెయ్యి పెట్టి కలిపినవాళ్ళకు ఆ పూటంతా మట్టినీళ్ళే. ఈ పనిలో మా పేటకు పెద్ద మా అవ్వ, అంటే మా నాయన తల్లి. మా నాయన నేను నడక నేర్వకముందే పోయాడు కాబట్టి మా ఇంటికీ ఆమే పెద్ద.

అవ్వకు ఆకూవక్కా నోట్లో లేని ఘడియ అంటే నీళ్ళు రుచి చూసే ఘడియే. ఎక్కడికి పోయినా ముందు అక్కడి నీళ్ళు పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, అటూ ఇటూ తిప్పి, మింగి, తీర్పు చెప్పేది. ఇవి పప్పుడికే నీళ్ళు. ఇవి బట్టలకు తప్ప పనికిరావు. ఇవి తాగిన ఊరిలో ఆడబిడ్డల్ని ఇయ్యొచ్చు. ఒకసారి మా మేనత్తకు వచ్చిన సంబంధాన్ని నీళ్ళు బాగాలేవని తిప్పికొట్టిందని చెప్పుకునేవాళ్ళు. ఇసక మీద ఆమెకున్న నమ్మకం దేవుడి మీద ఉందో లేదో చెప్పలేను. "ఏ నీళ్ళనయినా ఇసక తీపి చేస్తాది. వారం దినాలు గొర్రెలు తొక్కిన నీళ్ళని గూడా" అనేది.

క్రిస్మసు వస్తుందంటే మా ఇల్లు వాసనల్లోనే ముందు తెలిసేది. సున్నం నానబెట్టిన తొట్టి వాసన, ఎర్రమన్నుతో అలికిన గోడ వాసన, బెల్లం పాకం, నిప్పట్లు కాలే నూనె. కొత్త గౌను గంజి వాసన ఎంత గట్టిగా ఉండేదంటే, అది తొడుక్కుని గుడిలో కూర్చుంటే ఉపదేశి చెప్పేది వినబడేది కాదు. అన్నిటికంటే పైన కిరసనాయిల్ వాసన. అప్పుడు నక్షత్రంలో కరెంటు బల్బు లేదు, కిరసనాయిల్ బుడ్డి ఉండేది. కాగితం నక్షత్రం లోపల నిప్పు. గాలి కొంచెం తిరిగితే అంటుకుంటుంది. అందుకని నక్షత్రం లేచిన రోజు నుంచి కొత్త సంవత్సరం దాకా పొద్దుగూకితే ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండి దాన్ని కనిపెట్టుకోవాలి. నూనె పోయాలి, వత్తి ఎగదోయాలి, గాలి లేస్తే తాడు వదిలి దించుకోవాలి. ఆ కాపలా అవ్వది. ఆ దినాల్లో మా మేనత్త కాన్పు వచ్చినా కదలలేదు.

మా అన్న దావీదు అప్పటికి కుప్పంలో రైలు పట్టాల గ్యాంగులో చేరి ఉన్నాడు. మా పేటలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషి అతనే. ఆ క్రిస్మసుకు ఇంటికొచ్చినవాడు పాకం కలుపుతున్న అమ్మ పక్కన గొంతుక్కూర్చుని, పండగయినాక మమ్మల్నందరినీ రైల్లో మద్రాసు తీసుకుపోయి సముద్రం చూపిస్తానన్నాడు. అమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆమె పుంగనూరు సంత తప్ప వేరే ఊరు చూడలేదు. పాకం ముదురుతుందని అవ్వ అరిచిందాకా ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

"అవ్వా, నువ్వు గూడా రావల్ల," అన్నాడు అన్న. "రైల్లో కూసుంటే సాలు, అదే తీసకపోతాది."

"నచ్చత్రాన్ని ఎవురు సూస్తారు?"

"దించిపెట్టి పోదాం. ఈ రెండు దినాల్లో ఏమయితాది?"

"దించితే ఊరు ఏమనుకుంటాది రా? ముసిల్ది సచ్చిందనుకుంటాది. నేను బతికుండంగానే నాకు సావు సాటిస్తావా?"

"అట్లయితే అమ్మ ఉంటాదిలే, నువ్వు రా."

అమ్మ తల ఎత్తలేదు. పాకంలో పిండి పోసి గిరగిరా తిప్పడం మొదలు పెట్టింది. అవ్వ ఆమెవైపు ఒక చూపు చూసింది.

"అది రానీ. దాని కాళ్ళు గట్టిగా ఉండాయి. నా బదులు అదే సూస్తాది."

అట్లాగని అవ్వకు సముద్రం మీద ఆశ లేక కాదు. మా ఇంట్లో ఎవరికీ లేనంత ఆశ ఆమెకే. గుడిలో వాక్యం చదివినప్పుడల్లా సముద్రం వస్తుంది. సముద్రం పాయలయిందంటారు, తుపాను ఆగిందంటారు, నీళ్ళ మీద నడిచారంటారు. ఇసకలో చిప్పతో నీళ్ళు తోడుకునే మనిషి అవన్నీ విని ఇంటికొచ్చి ఆకు నమలుకుంటూ ఆలోచించేది. ఉప్పునీళ్ళనే మాట మాత్రం ఆమెకు ఎక్కేది కాదు. "అన్ని నీళ్ళు పెట్టి తాగనీకుండా యాల జేసినాడంట దేవుడు? అదేమన్నా ఊరోళ్ళ బావా?" అని ఉపదేశినే అడిగింది ఒకసారి. ఆయన నవ్వి తప్పించుకున్నాడు. ఇప్పుడు మేము పోతున్నామనగానే ఆమెకు దారి దొరికింది. అవ్వే అమ్మ మూటలో ఒక కొబ్బరి చిప్ప, ఒక ఖాళీ సీసా పెట్టింది.

"సూడమ్మే. ఆడ ఉండేవోళ్ళకు తెలిసుండదు, అలల్లో ముంచుకుని తాగి ఉప్పు ఉప్పు అంటాంటారు. నువ్వు ఇసకలో సెలమ తవ్వు. మొదటి నీళ్ళు పారబొయ్యి. రెండోసారి గూడా పారబొయ్యి. ఆ పైన ఊరేవి సీసాకు పట్టుకురా."

అమ్మకు కూడా అది సరైన మాటలాగే అనిపించింది. నాకూ అనిపించింది. మాకు తెలిసిన ఇసకంతా ఆ పనే చేసేది మరి.

రైలు గురించి రాయను. అందరూ రాస్తారు. సముద్రం దగ్గర మాత్రం అమ్మ చేసింది చెప్తాను. మేమంతా నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, ఆమె ఒక్కసారి ఆ నీళ్ళవైపు చూసి, "అబ్బా, శానా ఉండాయే" అని, కొంగు నడుముకు చెక్కి, అలలకు ఇంత దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలు పెట్టింది. తడి ఇసక రెండు చేతులా ఎత్తి గట్టు కట్టింది. మోచెయ్యి మునిగిందాకా తవ్వింది. నీళ్ళు ఊరాయి. మా ఏట్లోలాగే ఊరాయి, అంత చక్కగానే. మొదటివి తోడి పారబోసింది. రెండోవి పారబోసింది. మూడోసారి ఊరినవి అద్దంలాగా ఉన్నాయి. చిప్ప కదలకుండా తోడి నాలిక్కి పెట్టింది. ముఖం చిట్లించి ఉమ్మేసింది. అప్పుడైనా లేచిందా? లేవలేదు. మళ్ళీ తోడి పారబోసింది. మళ్ళీ రుచి చూసింది. చెలమ ఇంకొంచెం వెనక్కి జరిపి ఇంకొకటి తవ్వింది. శనగలమ్ముకునే ఒకాయన బుట్ట దించి మరీ నిలబడి చూసి, అరవంలో ఏదో అన్నాడు. మా అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమంటాండాడు?" అంది అమ్మ.

"సముద్రమంతా తోడల్లంటే ఇంకొక సిప్ప తెచ్చుకోమంటాండాడు మా."

అమ్మ కూడా నవ్వింది. ఇసక చేతులతో ముఖం తుడుచుకుని, మూతి నిండా ఇసకతో నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నవ్వుతూనే ఆ చెలమ నీళ్ళు సీసాకు పట్టింది. "తీసకపోవల్ల. లేదంటే మీ అవ్వ మనం తవ్వలేదంటాది."

మర్నాడు పొద్దుగూకేటప్పుడు మేము మా ఊరి రోడ్డులో బస్సు దిగాం. మా ఇల్లు పేట చివర మిట్ట మీద ఉండేది. రోడ్డు మలుపులోనుంచే మా నక్షత్రం అందరి నక్షత్రాల కంటే పైన కనబడేది. ఆ రోజు మలుపు తిరిగితే మిగిలినవన్నీ ఉన్నాయి, మాది లేదు. మిట్ట మీద నక్షత్రం కట్టే గడ ఒక్కటే నిలబడి ఉంది. అమ్మ మూట వదిలేసింది. "అయ్యో అత్తా" అని ఒక్క కేక వేసి పరిగెత్తింది. మేము ఆమె వెనక పరిగెత్తాం. సీసా నా చేతిలో ఉంది. ఏడుస్తూ కూడా దాన్ని ఒలకనీకుండా పరిగెత్తడం నాకు గుర్తుంది. ఇంటికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. అమ్మ ఆ గొళ్ళెం పట్టుకుని కిందకు కూలబడింది.

"అమ్మా, అట్ల సూడు," అన్నాడు అన్న.

మిట్ట కింద రూతమ్మ ఇల్లు. ఆమె మొగుడు ఆ వేసవిలో జ్వరం వచ్చి పోయాడు. చంటిబిడ్డతో ఒక్కతే ఉండేది. ఆ ఏడు చీకటిగా ఉండాల్సిన ఇల్లు. దాని చూరు కింద మా ఎర్ర నక్షత్రం వెలుగుతోంది. అరుగు మీద మా అవ్వ కాళ్ళు చాపుకుని, ఆకు నమలుతూ, దాన్ని కాపలా కాస్తోంది. గడపలో రూతమ్మ బిడ్డకు పాలిస్తూ కూర్చుంది. బిడ్డ తాగడం మాని తల తిప్పి ఆ వెలుగునే చూస్తోంది.

అమ్మ మిట్ట దిగి వచ్చి అవ్వ మీద పడింది. "ఏందత్తా ఇది! ఇల్లు సీకటి జేసి ఈడొచ్చి కూసున్నావా? నా గుండి ఆగిపోయింది గదా!"

"నువ్వొస్తావని నాకు తెలుసు. నాకు తెలిసినప్పుడు దీపమెందుకు?"

"సావింటికి నచ్చత్రం కట్టగూడదు గదా అత్తా!"

"ఎవురు సెప్పింది?"

"పెద్దోళ్ళు."

"నాకంటే పెద్దోళ్ళు ఎవురుండారమ్మే ఈడ?"

 పేటలో అవ్వ కంటే వయసైనవాళ్ళు నిజంగానే లేరు. అప్పుడు అవ్వ ఉమ్మి వచ్చి, నోరు తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "మీరుంటే ఇంట్లో సందడి, ఏమీ ఇనపడదు. మీరు పొయ్యినంక ఒక్కదాన్నే కూసున్నా. తప్పెట వచ్చె. నా కాడ కొట్టిరి, పాడిరి. మిట్ట దిగినారు. దీని వాకిట్లో ఆపినారు. ఆపేది నాకు ఇనపడింది మే. ఇన్నేండ్లూ నేను గూడా ఆపించినదాన్నే. మీ మామ పొయ్యిన ఏడు నా వాకిట్లో గూడా ఆపినారు. మర్సిపొయినా." అంతే. 

మర్నాడు ఉపదేశి వచ్చాడు, కట్టుబాటు తప్పిందని ఎవరో చేరవేసినట్టున్నారు. అవ్వ ఆయన్ని కూర్చోబెట్టి నిప్పట్లు పెట్టి అడిగింది. "అయ్యా, నచ్చత్రం పుట్టినాయన కోసరమా, సచ్చినోళ్ళ లెక్క కోసరమా? పుట్టినాయన కోసరమయితే అది యాడుంటే ఏంది?" ఆయన నిప్పట్టు తిని, ఇంకొకటి తీసుకున్నాడు. నిప్పట్లు బాగా వచ్చాయని చెప్పి పోయాడు. కొత్త సంవత్సరం దాకా మా నక్షత్రం రూతమ్మ చూరు కిందే ఉంది. అవ్వ పొద్దుగూకితే అక్కడికి పోయి కాపలా కాసింది.

సీసా సంగతి మరిచిపోలేదు. మేము ఊరు చేరిన రాత్రే అన్నాలైనాక అమ్మ సీసా అవ్వ చేతికిచ్చింది. అవ్వ నోరు కడుక్కుంది. దోసిట్లో పోసుకుని పుక్కిట పట్టింది. కళ్ళు మూసుకుంది. మేమంతా చుట్టూ చేరి చూస్తున్నాం. ఆమె ఉమ్మలేదు. మింగింది.

"మోచెయ్యి లోతు తవ్వినావా?"

"తవ్వినా అత్తా."

"మొదటివి పారబోసినావా?"

"శానాసార్లు పారబోసినా. రెండు సెలమలు తవ్వినా."

అవ్వ సీసాను దీపానికి ఎత్తి పట్టుకుని చూసింది. "అట్లయితే ఇసక్కి గూడా సాతగాని పని ఒకటుండాది," అంది. కోపంగా కాదు. తెలిసిన మనిషి గురించి తెలియని సంగతి ఒకటి విన్నట్టు అంది. మర్నాడు ఉప్పు వేయకుండా ఆ నీళ్ళు పోసి ఊరిబిండి పచ్చడి నూరింది. సంగటిలో వేడివేడిగా నంజుకుని తిన్నాం. మా అవ్వ సముద్రాన్ని చూడలేదు, తిన్నది. తరువాత కొన్నేండ్లకు చూడకుండానే పోయింది.

అవ్వ తరువాత నక్షత్రానికి కాపలా అమ్మది. పెళ్ళయి మదనపల్లెకు వచ్చాక మా ఇంట్లో నాది. బల్బు వచ్చింది, వైరు వచ్చింది, ఇంకేమీ అంటుకోదు. అయినా డిసెంబరులో పొద్దుగూకాక నేను ఇల్లు వదల్లేదు. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అవ్వ వదల్లేదు కాబట్టి. గ్రేసు చిన్నప్పుడు ఇస్కూలు నుంచి పలక తెచ్చుకుంటే దాని పక్కన కూర్చుని నేను అక్షరాలు దిద్దుకున్నది కూడా ఆ కాపలా వేళల్లోనే, నక్షత్రం కింద. సామేలప్ప అటుగా పోతూ "మీ ఇద్దరిలో ఎవురు ముందు పాసయితారో సూస్తా" అనేవాడు. గ్రేసు పాసయి టీచరయింది. నేను ఈ మాత్రం రాస్తున్నాను. ఇట్లా ఏండ్లు గడిచి, మళ్ళీ నాకు సముద్రం ఈ డిసెంబరులోనే. చావు వచ్చి నన్ను కాపలా నుంచి దింపింది.

కుప్పంలో పండగ బాగానే జరిగింది. అల్లుడు బిరియాని తెప్పించాడు. గ్రేసు ఫ్లాటు బాల్కనీకి అంగట్లో కొన్న నక్షత్రం ఒకటి రంగులు మార్చుకుంటూ ఉంది. స్విచ్చి వేసి లోపలికొచ్చేశారు, దాన్ని ఎవరూ చూడలేదు. చెడ్డగా చెప్పడం లేదు. ఇప్పుడు ఇంట్లో అందరికీ పనులున్నాయి, అప్పుడు మాకు నక్షత్రమే పని. పండగయినాక కారులో మద్రాసు పోయాం. రైలు వద్దన్నారు. బీచిలో జనం, గుర్రాలు, గాలిపటాలు. సముద్రం మాత్రం అదే, ఒక్క చుక్క తగ్గలేదు. దాని పక్కన కూర్చుని సీసా నీళ్ళు కొనుక్కుని తాగాం. అవ్వ ఉంటే ఏమనేదో!

జెస్సీ ఇసకలో ఇల్లు కడతానని కూర్చుంది. నా చేతులు ఊరుకోలేదు. దాని పక్కన చతికిలబడి చెలమ తవ్వాను. నీళ్ళు ఊరగానే పిల్ల కేరింతలు కొట్టింది. మొదటివి పారబోయించాను. రెండోవి పారబోయించాను. "ఇప్పుడు రుచి సూడు" అన్నాను. చూసి, ముఖం వంకర పెట్టి, "థూ" అంది. నేనూ చూశాను. అమ్మ తవ్విన చెలమలో ఉన్నంత ఉప్పే.

"మా, అందరూ సూస్తాండారు," అంది గ్రేసు వెనకనుంచి.

"సూడనీ. డబ్బులు అడగలేదు గదా."

ఎందుకు తవ్వావు అని పిల్ల అడిగింది. నేను చెప్పాను. అవ్వ, చిప్ప, సీసా, రూతమ్మ చూరు, ఊరిబిండి అన్నీ చెప్పాను. నాకు పిల్లలకు కథలు చెప్పే అలవాటు లేదు, ఆ రోజు చెప్పాను. గ్రేసు కూడా వచ్చి పక్కన కూర్చుంది. దానికీ ఎప్పుడూ చెప్పలేదు. అంతా విని జెస్సీ అడిగింది.

"అవ్వా, మరి తాత నచ్చత్రం నువ్వు యాల కట్టలా?"

"తాత పొయినాడు గదా మా."

"ఆమె మొగుడు గూడా పొయినాడు గదా? ఆమెకు మీ అవ్వ కట్టింది గదా?"

గ్రేసు "జెస్సీ, ఊరుకో" అంది. నేను ఇసకలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. చెలమలోకి ఒక అల పాకి వచ్చి గట్టును కరిగించింది. ఏదో ఒకటి చెప్పి పిల్లను మాయ చేయవచ్చు. నాకు చేతకాలేదు.

కొత్త సంవత్సరానికి ఇంకా పొద్దుంది. "ఇంకొన్నాళ్ళుండి పో మా" అని గ్రేసు బతిమాలింది. నేను ఆగలేదు. మదనపల్లెలో బస్సు దిగి, సంచి కింద పెట్టక ముందే పీట వేసుకుని అటక ఎక్కాను. పంచె విప్పితే మైదాపిండి వాసన, ఆయన చేతి బీడీ వాసన. ఒక మూల కాగితం చినిగి ఉంది. ఎర్రకాగితం దొరకలేదు. పిల్లకు కొన్నవాటిలోనుంచి గ్రేసు నా సంచిలో పెట్టిన బిస్కెట్ల పొట్లం ఎర్రగా ఉంటే చించి అంటించాను. పని చక్కగా రాలేదు. ఆయన చూస్తే పీకేసి మళ్ళీ అంటించేవాడు. బల్బు పెట్టి, గడకు కట్టి, తాడు లాగాను. భుజం నొప్పి పుట్టింది కానీ లేచింది. ఎదురింటి ఎస్తేరు చీపురు చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది.

"పెద్దమ్మా, ఈ ఏడు కట్టగూడదు గదా?"

"ఎవురు సెప్పింది?"

"పెద్దోళ్ళు..."

"నాకంటే పెద్దోళ్ళు ఎవురుండారే ఈ వీధిలో?"

ఎస్తేరు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. లెక్క వేసుకుందేమో. లోపలికి పోయి, కాసేపటికి ఒక పళ్ళెంలో కజ్జికాయలు తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయింది.

దీపాలు పెట్టే వేళకు వీధి మొదట్లో తప్పెట వినబడింది. నేను అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఇల్లిల్లూ దాటుకుంటూ దగ్గరికొచ్చారు. పక్కింటి దగ్గర పాట ముగించారు. ముందు నడిచే తప్పెటాయన అలవాటు ప్రకారం మా గోడ దగ్గరికి రాగానే అరచెయ్యి తోలు మీద పెట్టి చప్పుడు ఆపేశాడు. వెనకవాళ్ళు తలలు వంచారు. చెప్పుల చప్పుడు రెండడుగులు వినబడి, అదీ ఆగింది. వంచిన తలల మీద ఎర్ర వెలుగు పడుతోంది. తప్పెటాయన మెల్లగా తల ఎత్తి గడవైపు చూశాడు. పుల్ల చేతిలో ఎత్తి పట్టుకుని, నావైపు చూశాడు. కొట్టాలో, కొట్టకూడదో ఆయనకు తెలియడం లేదు.

"యాల ఆపినావప్పా?" అన్నాను. "కొట్టు."